అంపశయ్య: ఒక్క రోజు నవలలో ఒక తరం చరిత్ర



చరిత్ర పాఠం అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు, చట్టాలు గుర్తుకు వస్తాయి. వాటికి ఆధారాలు శాసనాల్లోనూ, దస్తావేజుల్లోనూ, పాత పత్రికల్లోనూ దొరుకుతాయి. కాని ఒక తరం యువకులు లోలోపల ఏమి ఆలోచించారు, దేనికి భయపడ్డారు, దేనికి సిగ్గుపడ్డారు అనే సంగతులకు ఆధారం ఎక్కడ దొరుకుతుంది? విశ్వవిద్యాలయం రికార్డులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, కట్టిన ఫీజు, వచ్చిన మార్కులు ఉంటాయి. ఫీజు గడువుకు ముందు రాత్రి అతనికి నిద్ర పట్టిందో లేదో ఆ రికార్డు చెప్పదు. అటువంటి చోట చరిత్రకారుడు సాహిత్యం వైపు చూడవలసి వస్తుంది.

ఈ ప్రసంగంలో మనం అటువంటి ఒక నవలను పరిశీలిద్దాం. ఆ నవల పేరు 'అంపశయ్య'. రచయిత నవీన్. ఇది 1969లో వెలువడింది. తెలుగులో చైతన్య స్రవంతి పద్ధతిని నవల పొడుగునా నడిపిన రచనల్లో దీనిది ప్రముఖ స్థానం. రచయిత అసలు పేరు దొంగరి మల్లయ్య. ఈ నవల తరువాత ఆయన పేరు పాఠకుల నోట 'అంపశయ్య నవీన్' అయిపోయింది. నవల పేరు ఇంటిపేరుగా మారిన రచయితలు మనకు చాలా తక్కువ.

సాహిత్యంలో కొత్త దారి తొక్కేవారిని యూరప్‌లో 'అవాంగార్డ్' అంటారు. ఇది ఫ్రెంచి సైనిక పదం. ప్రధాన సైన్యానికి ముందు నడిచి దారి చూసే దళానికి ఆ పేరు. కొత్త ప్రయోగాలు పారిస్, లండన్, న్యూయార్క్ వంటి మహానగరాల్లో పుడతాయని, మిగిలిన వాళ్ళు వాటిని చూసి అనుకరిస్తారని చాలామంది అనుకుంటారు. అంపశయ్య చరిత్ర ఈ అభిప్రాయాన్ని ప్రశ్నిస్తుంది. తన జీవితాన్ని చెప్పడానికి పాత పద్ధతి సరిపోనప్పుడు, ఎంత చిన్న ఊరి నుంచి వచ్చిన రచయితకైనా కొత్త పద్ధతి అవసరమవుతుంది. ఈ పాఠంలో మనం గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే.

ఆ ఊరు, ఆ కాలం

నవీన్ 1941 డిసెంబరు 24న వావిలాల గ్రామంలో జన్మించారు. ఇది పాలకుర్తికి దగ్గరి ఊరు. పాత వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016లో ఏర్పడిన జనగామ జిల్లాలోకి వచ్చింది. తెలుగు సాహిత్యానికి ఈ నేల కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి ఇదే. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర కూడా ఈ చుట్టుపక్కలదే. చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించినది కూడా పాలకుర్తిలోనే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటికి నవీన్ ఐదేళ్ళు నిండని పిల్లవాడు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. సాయుధ పోరాటం 1951 వరకు సాగింది. అంటే ఈ రచయిత బాల్యం ఒక పాలన కూలిపోయి మరొకటి నిలదొక్కుకుంటున్న కాలంలో గడిచింది.

ఇక్కడ భాష విషయం ఒకటి గుర్తుంచుకోవాలి. నిజాం పాలనలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య పెద్దది. అయినా అధికార భాష ఉర్దూ. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. అందులో 354 మంది కవులకు చోటు ఇచ్చారు. మా భాష ఉంది, మా కవులున్నారు అని లెక్క చూపించి నిరూపించుకోవలసిన పరిస్థితి అది. అటువంటి సమాజంలో పెరిగిన పిల్లవాడు పెద్ద చదువుకు నగరం వచ్చినప్పుడు, తన మాటమీద, తన వేషంమీద, తన ఊరిమీద అతనికి కొంత సంకోచం ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఉస్మానియా: కోట వంటి కళాశాల

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. భారతీయ భాషలో ఉన్నత విద్య బోధించిన విశ్వవిద్యాలయంగా దానికి దేశ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఆ భాష ఉర్దూ. 1948 తరువాత ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దీని ఫలితాన్ని గమనించండి. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన తెలుగు విద్యార్థికి బోధన భాష మొదట్లోనూ పరాయిదే, తరువాతా పరాయిదే. ఇంట్లో ఒక భాష, తరగతిలో మరో భాష. చదువుకున్నవాడు అనిపించుకోవాలంటే రెండో దానిలో తడబడకూడదు.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని మీలో చాలామంది బొమ్మల్లోనైనా చూసి ఉంటారు. గులాబి ఛాయ గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనం ఒక కోటలా ఉంటుంది. పూరి గుడిసెలు, మట్టి గోడలు చూసి పెరిగిన విద్యార్థి ఆ మెట్లెక్కేటప్పుడు గర్వం, బెదురు రెండూ కలిగేవి. 1950లు, 60ల్లో పల్లెల నుంచి రైతు కుటుంబాల పిల్లలు విశ్వవిద్యాలయానికి రావడం పెరిగింది. చాలా ఇళ్ళలో అంత చదువు చదివినవాడు అతనే మొదటివాడు. వాళ్ళను ఈనాడు మనం మొదటి తరం విద్యార్థులు అంటున్నాం. ఇంటిల్లిపాది ఆశ ఒక్కడి భుజాలమీద. అతను చదువు పూర్తిచేసి ఉద్యోగం తెచ్చుకోవాలి. తెచ్చుకోలేకపోతే మళ్ళీ ఊరికి ఏ ముఖంతో వెళ్ళాలి? నవీన్ అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదివినది ఈ ఉస్మానియాలోనే. తరువాత అర్థశాస్త్ర అధ్యాపకులుగా, ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అంపశయ్యలోని హాస్టలు జీవితం ఆయన బయటినుంచి చూసి రాసినది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

నవలలో ఏముంది?

కథగా చెప్పవలసి వస్తే అంపశయ్య కథ రెండు వాక్యాల్లో అయిపోతుంది. రవి అనే పేద విద్యార్థి ఉస్మానియా హాస్టల్లో ఉంటాడు. ఒక ఉదయం అతను నిద్ర లేచింది మొదలు ఆ రాత్రి పొద్దుపోయేవరకు అతని మనసులో నడిచిన ఆలోచనలే ఈ నవల. డబ్బు ఇబ్బంది, చదువు బెంగ, స్నేహితుల మధ్య తన స్థానం, స్త్రీ పట్ల ఆకర్షణ, దాని వెనుకే వచ్చే అపరాధ భావన, వదిలివచ్చిన ఇల్లు, ఇవన్నీ ఒకదానిలోంచి ఒకటి పుట్టుకొస్తూ ఉంటాయి. బయట ఒక్క రోజే గడుస్తుంది. లోపల ఏళ్ళు గడుస్తాయి.

ఈ పద్ధతిని 'చైతన్య స్రవంతి' అంటారు. స్రవంతి అంటే ప్రవాహం. మనసులో ఆలోచనలు పూసల్లా వేరువేరుగా ఉండవు, ఏరులా ఎడతెగకుండా పారుతూ ఉంటాయి అన్న భావన ఈ పేరు వెనుక ఉంది. ఇది ఎలా పనిచేస్తుందో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. ఈ ఉదాహరణ నవలలోది కాదు, పాఠం కోసం ఇక్కడ అల్లినది.

పాత పద్ధతిలో రచయిత ఇలా రాస్తాడు: 'రామయ్య తరగతిలో కూర్చున్నాడు. ఇంటినుంచి డబ్బు రానందుకు అతను దిగులు పడుతున్నాడు. పాఠం అతని తలకెక్కడం లేదు.' మనకు విషయం తెలిసింది. కాని దిగులు మనకు అంటలేదు.

చైతన్య స్రవంతిలో అదే క్షణం ఇలా ఉండవచ్చు: 'సారు బోర్డుమీద గీత గీస్తున్నారు... గిరాకీ తగ్గితే ధర తగ్గును... ధర... మెస్సు బిల్లు ఎంతయిందో... పదో తారీఖు దాటింది... పోస్టుమాన్ పదకొండింటికి గాని రాడు... నాయిన మిరపకాయ అమ్మిండో లేదో... ధర తగ్గితే... సారు నా దిక్కే చూస్తున్నారా... గీత కిందికి పోతున్నది...'

రెండింటికీ తేడా గమనించండి. రెండో దానిలో 'దిగులు' అన్న మాటే లేదు. అర్థశాస్త్ర పాఠంలోని ధర, తండ్రి అమ్మవలసిన మిరపకాయ ధర ఒకదాన్నొకటి తాకాయి. పుస్తకంలో గీసిన గీత, ఇంటి పరిస్థితి ఒకటే అని ఆ విద్యార్థికి తట్టింది. ఈ సంగతి అతను ఎవరితోనూ పైకి అనడు. సారుతో అనలేడు. స్నేహితులతో అంటే చులకనవుతాడు. ఇంటికి ఉత్తరం రాస్తే నాయిన బాధపడతాడు. కాబట్టి ఆ మాటకు మనసు తప్ప మరో చోటు లేదు.

నవీన్ ఈ పద్ధతిని ఎందుకు ఎన్నుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. రవి వంటి విద్యార్థి బయటకు మాట్లాడే మాటలు కొద్ది. మాట్లాడినా వాటిలో సగం నటన. అతని నిజం లోపలే ఉంది. కథకుడు పైనుంచి చెబితే రవి జాలి పడదగిన పేదవాడుగా మాత్రమే కనిపిస్తాడు. లోపలినుంచి చెబితే అసూయ, కోపం, కోరిక, తెలివి, వెటకారం అన్నీ ఉన్న పూర్తి మనిషిగా కనిపిస్తాడు.

పేరు విషయం కూడా చూద్దాం. అంపశయ్య అంటే బాణాల పడక. కురుక్షేత్రంలో భీష్ముడు దానిమీద పడుకొని ఉత్తరాయణం కోసం ఎదురు చూశాడు. ఆ మహావీరుడి పడకను రచయిత ఒక పేద విద్యార్థి హాస్టలు మంచానికి అన్వయించారు. భీష్ముడి బాధను వర్ణించడానికి పర్వాలున్నాయి. ఈ కుర్రవాడి బాధ కూడా అంత శ్రద్ధగా చెప్పదగినదే అన్న భావం ఆ పేరులో ఉంది.

ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది?

ఆలోచన ఒక ప్రవాహం అన్న ఉపమానాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికా తత్త్వవేత్త, మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం జేమ్స్. ఆయన 1890లో ప్రచురించిన మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో దీన్ని వివరించారు. 1918లో మే సింక్లెయిర్ అనే రచయిత్రి, డొరతీ రిచర్డ్‌సన్ నవలల గురించి రాస్తూ ఆ మాటను సాహిత్య విమర్శలోకి తెచ్చారు. 1922లో పారిస్‌లో వెలువడిన జేమ్స్ జాయిస్ నవల 'యులిసిస్' ఈ పద్ధతికి ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. డబ్లిన్ నగరంలో 1904 జూన్ 16 అనే ఒక్క రోజు అందులో కథాకాలం. ఆ పుస్తకాన్ని అమెరికాలో అశ్లీలమని నిషేధించారు. 1933లో అక్కడి న్యాయస్థానం తీర్పుతో నిషేధం తొలగింది. ఒక్క రోజు కథ అన్న ఆలోచనకు, చైతన్య స్రవంతికి జాయిస్ తనకు ప్రేరణ అన్న విషయాన్ని నవీన్ దాచుకోలేదు.

ఇక్కడ అమెరికా నవలాకారుడు విలియం ఫాక్నర్‌ను తలుచుకోవాలి. ఫాక్నర్‌నుంచి నవీన్ ఏదో తీసుకున్నారని చెప్పడానికి కాదు. ఇద్దరి సమస్యలోని పోలిక చూడడానికి. ఫాక్నర్ 1897లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టారు. అది అమెరికా దక్షిణాదిలో వెనుకబడిన ప్రాంతం. అంతర్యుద్ధంలో ఓడిన నేల. వ్యవసాయం, బానిసత్వపు గతం, పేదరికం కలిసిన సమాజం. ఫాక్నర్ హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు. కొంతకాలం విశ్వవిద్యాలయం తపాలా కార్యాలయంలో పోస్టుమాస్టరుగా పనిచేశారు. 1929లో ఆయన రాసిన 'ద సౌండ్ అండ్ ద ఫ్యూరీ' నవల మొదటి భాగం, 33 ఏళ్ళ వయసున్నా బుద్ధి ఎదగని ఒక మనిషి మనసులోంచి నడుస్తుంది. అతనికి నిన్నకూ ముప్ఫై ఏళ్ళ కిందటికీ తేడా తెలియదు.

అదే ఏడాది ఫాక్నర్ ఒక విద్యుత్ కేంద్రంలో రాత్రి షిఫ్టు పనిచేస్తూ మరో నవల రాశారు. అది 1930లో వచ్చిన 'యాజ్ ఐ లే డయింగ్'. ఒక పేద రైతు కుటుంబం తల్లి శవపేటికను బండిలో పెట్టుకొని, ఆమె కోరిన చోట పాతిపెట్టడానికి ప్రయాణం చేయడం అందులో కథ. 59 చిన్న అధ్యాయాలు. వాటిని చెప్పేవాళ్ళు 15 మంది. చదువు లేని రైతు, అతని పిల్లలు, ఇరుగుపొరుగులు, చివరకు చనిపోయిన తల్లి కూడా ఒకచోట తన మాట చెబుతుంది. పొలం పనుల్లో అలిసిపోయి ముక్తసరిగా మాట్లాడే మనుషులకు, లోపల ఎంత లోతైన ప్రపంచం ఉందో చూపించడానికి ఫాక్నర్ ఆ కాలపు అతి కొత్త పద్ధతిని వాడారు. 1949 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు లభించింది.

జాయిస్ పెరిగిన డబ్లిన్ అప్పటికి బ్రిటిషు పాలనలో ఉన్న నగరం. ఫాక్నర్‌ది ఓడిన దక్షిణాది. నవీన్‌ది సంస్థానపు నీడలోంచి అప్పుడే బయటపడిన తెలంగాణ పల్లె. ముగ్గురూ అధికార కేంద్రాలకు దూరంగా పెరిగినవారే. ముగ్గురికీ తమ మనుషుల గురించి ఇతరులు రాసిన వర్ణనలు చాలలేదు. అందుకే ఈ పద్ధతి వాళ్ళ చేతుల్లో ఫ్యాషన్‌గా మిగిలిపోక పనిముట్టుగా మారింది. నాగలి ఏ ఊరి వడ్రంగి చేసినా, దున్నేది మన చేనే కదా!

తెలుగులో ముందు నడిచినవారు

అంపశయ్య ఒక్కసారిగా ఆకాశంనుంచి ఊడిపడలేదు. కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో మొదలైనప్పటినుంచి తెలుగు నవల ఎక్కువగా సమాజాన్ని బయటినుంచి చూస్తూ వచ్చింది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. అదే సంవత్సరం పారిస్‌లో యులిసిస్ వచ్చిందన్న సంగతి గమనించదగినది. మాలపల్లికి ఆనాడు అవసరమైనది ఊరంతటినీ, ఉద్యమాన్నీ చూపించే విశాల దృష్టి.

1940ల్లో తెలుగు నవల మనసు లోపలికి దిగడం మొదలుపెట్టింది. త్రిపురనేని గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి బయటి శత్రువులకంటే తమ మనసులతోనే ఎక్కువ పోరాడతారు. ఆ తరువాత రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి' వచ్చింది. అందులో సుబ్బయ్య పిరికివాడైన చిరుద్యోగి. అతని భయాన్ని రావిశాస్త్రి అతని ఆలోచనల ద్వారానే చూపించారు. ఇంచుమించు అంపశయ్య కాలంలోనే వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల' ధారావాహికంగా వెలువడి సంచలనం కలిగించింది. ఆయన తరువాతి నవల 'అనుక్షణికం' కూడా ఉస్మానియా విద్యార్థుల జీవితాన్నే తీసుకుంది. అయితే అది వందలాది పాత్రలతో నడుస్తుంది. అంపశయ్య ఒక్క మనసుతో నడుస్తుంది.

తెలంగాణ నవల సంగతి వేరుగా చెప్పుకోవాలి. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' నిజాం కాలపు దొరతనాన్ని, వెట్టిని, ప్రజల తిరుగుబాటును చిత్రించాయి. ఆ నవలలు పోరాటాన్ని చెప్పాయి. అంపశయ్య పోరాటం తరువాతి ఘట్టాన్ని చెబుతుంది. దొర పోయాడు, కొత్త ప్రభుత్వం వచ్చింది, రైతు కొడుకు విశ్వవిద్యాలయం మెట్లెక్కాడు. మరి అతని భయం పోయిందా? గడిలో దొర ముందు నిలబడ్డ తండ్రి బెదురు, ఇంగ్లీషు మాట్లాడే సహవిద్యార్థి ముందు నిలబడ్డ కొడుకులో మరో రూపంలో మిగిలిందా? పోరాట చరిత్ర పుస్తకాలు అడగని ప్రశ్న ఇది. ఈ నవల చదివిన పాఠకుడికి ఆ ప్రశ్న రాక తప్పదు.

1969: లోపలి ఒత్తిడి, బయటి పేలుడు

అంపశయ్య వెలువడిన సంవత్సరం చరిత్ర విద్యార్థులకు బాగా తెలిసినదే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అంతకుముందు ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ఉద్యోగాలు, విద్య, నిధుల విషయంలో కొన్ని రక్షణలు ఇచ్చారు. అవి అమలు కావడం లేదన్న అసంతృప్తి ఏళ్ళతరబడి పేరుకుంది. 1969 జనవరిలో అది ఉద్యమంగా మారింది. ఉస్మానియా విద్యార్థులు అందులో ముందు నిలిచారు. కాల్పుల్లో విద్యార్థుల ప్రాణాలు పోయాయి. చదువులు ఆగిపోయాయి.

నవీన్ ఈ నవల రాసినది ఆ ఉద్యమానికి ముందు సంవత్సరాల్లో. కాబట్టి ఉద్యమం గురించి అందులో వెతకకూడదు. ఈ నవల ఉద్యమానికి కారణమనీ అనకూడదు. రవి ఏ జెండా పట్టుకోడు. కాని ఒక చరిత్ర విద్యార్థిగా మీరు ఒక ప్రశ్న వేసుకోవచ్చు. 1969లో వీధిలోకి వచ్చిన వేలాది యువకులు 1967లో ఏమి చేస్తున్నారు? హాస్టలు గదుల్లో ఉన్నారు. మెస్సు బిల్లు గురించి, పరీక్ష గురించి, చదివితే ఉద్యోగం వస్తుందా అన్న దాని గురించి ఒంటరిగా మథనపడుతున్నారు. తన బాధ తన ఒక్కడి చేతకానితనం అని ప్రతి ఒక్కడూ అనుకున్నాడు. పక్క గదిలో ఉన్నవాడి బాధ కూడా అదేనని తెలిసిన రోజున అది ఉద్యమమవుతుంది.

పత్రికల్లో మనకు ఆ పేలుడు కనిపిస్తుంది. అంపశయ్యలో పేలుడుకు ముందున్న ఒత్తిడి కనిపిస్తుంది. చరిత్రకు రెండూ కావాలి. ఒప్పందంలోని షరతులు, ఉద్యోగాల లెక్కలు ఎందుకు అన్యాయమో దస్తావేజులు చెబుతాయి. ఆ అన్యాయం ఒక ఇరవయ్యేళ్ళ మనసులో ఏ రూపంలో తిరిగిందో తెలుసుకోవడానికి మనకు ఇటువంటి రచనలే దిక్కు.

వచ్చిన విమర్శలు

కొత్త పద్ధతిలో వచ్చిన రచనలు అందరినీ ఒకేలా మెప్పించవు. అంపశయ్యకు మెచ్చుకోళ్ళతోపాటు అభ్యంతరాలూ ఎదురయ్యాయి. వాటిలో మూడింటిని పరిశీలిద్దాం.

మొదటిది, కథ లేదన్న అభ్యంతరం. సంఘటనలకు అలవాటుపడిన పాఠకుడికి ఈ నవల మొదట కష్టంగా ఉంటుంది. నిజమే. అయితే సంఘటన అంటే బయట జరిగేది మాత్రమేనా అన్న ప్రశ్నకు పాఠకుడే జవాబు చెప్పుకోవాలి. ఒక విద్యార్థి స్నేహితుణ్ణి అప్పు అడగాలా వద్దా అని గంటసేపు తర్జనభర్జన పడడం అతని జీవితంలో చిన్న సంఘటన కాదు.

రెండోది, అశ్లీలం. యువకుడి మనసులో మెదిలే కోరికలను దాచకుండా రాయడం కొందరికి ఇబ్బంది కలిగించింది. మనసును ఉన్నదున్నట్లు చూపిస్తానని పూనుకున్న రచయిత, నచ్చిన ఆలోచనలను ఉంచి మిగిలినవి తీసివేస్తే ఆ పద్ధతికే అర్థం ఉండదు. అయితే ఏది ఎంతవరకు రాయాలన్న వాదం ఇప్పటికీ తేలలేదు.

మూడోది గట్టి అభ్యంతరం. ఒక వ్యక్తి మనసులో మునిగిపోతే సమాజం కనపడకుండా పోతుందని అభ్యుదయ దృష్టి ఉన్నవాళ్ళు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. రవి తల్లి ఏమనుకుంటున్నదో, మెస్సులో వడ్డించే మనిషి ఏమనుకుంటున్నాడో, అతను ఊహించుకునే అమ్మాయిలు అతని గురించి ఏమనుకుంటున్నారో ఈ పద్ధతిలో మనకు తెలియదు. అంతా రవి కళ్ళతోనే చూడాలి. ఇది ఈ పద్ధతికి ఉన్న హద్దు. కాని రవి మనసులో తిరిగే మాటలు ఎక్కడివి? డబ్బు, పరీక్ష, ఇంగ్లీషు, పరువు, ఇవన్నీ సమాజం అతని లోపల నాటినవే. ఆ మనసును విప్పి చూస్తే సమాజం అక్కడ కూర్చొని కనిపిస్తుంది. చరిత్రకారుడు ఈ రెండు మాటలనూ గుర్తుంచుకొని నవలను ఆధారంగా వాడుకోవాలి. ఒక్క రవిని చూసి తరమంతా ఇంతే అనకూడదు. ఆ తరంలో ఇలా కూడా ఆలోచించడం సాధ్యమైందని మాత్రం చెప్పవచ్చు.

తరువాతి ప్రయాణం

నవీన్ రవిని అక్కడే వదిలిపెట్టలేదు. 'ముళ్ళపొదలు', 'అంతస్రవంతి' నవలల్లో అతని తరువాతి జీవితాన్ని చిత్రించారు. మూడూ కలిసి ఒక నవలాత్రయం. చాలా ఏళ్ళ తరువాత ఆయన మరో నవలాత్రయం రాశారు. 'కాలరేఖలు', 'చెదిరిన స్వప్నాలు', 'బాంధవ్యాలు' అనే ఈ మూడింటిలో 1940లనుంచి తెలంగాణ సమాజంలో వచ్చిన మార్పులు కథావస్తువు. కాలరేఖలు నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఈ రెండు త్రయాలను పక్కపక్కన పెట్టి చూడండి. యువకుడిగా ఆయన ఒక్క మనసును ఒక్క రోజు పాటు చూశారు. పెద్దవారయ్యాక ఒక ప్రాంతాన్ని దశాబ్దాల పాటు చూశారు. మొదటి పనిలో చరిత్ర మనిషి లోపల ఉంది. రెండో పనిలో మనిషి చరిత్ర లోపల ఉన్నాడు.

మీకు దీనితో ఏమి పని?

మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. 1960ల నాటి హాస్టలు గది గురించి ఈనాటి విద్యార్థులు ఎందుకు చదవాలి? ఎందుకంటే మొదటి తరం విద్యార్థి ఇంకా మన మధ్యనే ఉన్నాడు. ఇప్పుడు అతను ఆమె కూడా. తెలంగాణ జిల్లాలనుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ గుజరాత్‌లోని సూరత్‌కు వెళ్ళి స్థిరపడ్డ నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ పక్కనున్న సచిన్ వంటి పారిశ్రామిక ప్రాంతంలో ఒక తెలుగు అమ్మాయి కళాశాలకు వెళ్ళే రోజును ఊహించండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బస్సులో గుజరాతీ, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన నాన్న నిద్రపోతుంటే చప్పుడు చేయకుండా చదవాలి. చెవిలో సాంచాల మోత ఇంకా ఆగి ఉండదు. ఆమె మనసులో ఆ నాలుగు భాషలూ ఏ వరసలో వస్తాయి? కోపం ఏ భాషలో వస్తుంది? లెక్క ఏ భాషలో వేసుకుంటుంది? అటువంటి రోజును పాత పద్ధతిలో రాయాలంటే కుదరదు. ఆమె రాయవలసి వస్తే తన పద్ధతి తానే వెతుక్కోవాలి. ఉస్మానియా హాస్టల్లో నవీన్ ముందున్న సమస్య, మిసిసిపీలో ఫాక్నర్ ముందున్న సమస్య అదే.

ఈ పాఠం చదివాక ఒక పని చేసి చూడండి. మీ తాతగారో, అమ్మమ్మో, మేనమామో మొదటిసారి ఊరు విడిచి చదువుకో, పనికో వెళ్ళిన రోజు గురించి వాళ్ళను అడగండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎంత జీతం అన్నవి ముందు రాసుకోండి. తరువాత, ఆ రోజు మనసులో ఏమనుకున్నారని అడగండి. మొదటి ప్రశ్నలకు జవాబు వెంటనే వస్తుంది. చివరి ప్రశ్నకు వాళ్ళు కాసేపు ఆగుతారు. ఏ దస్తావేజులోనూ దొరకని చరిత్ర ఆ ఆగినచోట ఉంటుంది. దాన్ని ఓపికగా విని, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసి ఉంచండి.